స్లోలో వణుకుతున్న పాత 1613: పంపు దించే ముందు ఇంకేం చూడాలి?

గాజువాక_ఆరుటైర్లు

నమస్తే అందరికీ. బండి టాటా 1613, 2005 మోడల్, 697 టర్బో ఇంజన్, పాతకాలం మెకానికల్ డీజిల్ పంపు. కంప్యూటర్ లేదు, సెన్సార్లు లేవు, కాబట్టి స్కానర్ పెట్టి చూసేదేమీ లేదు. నాన్నగారు కొన్న బండి, ఇప్పుడు నేనే ఓనర్, నేనే డ్రైవర్. పోర్టు నుంచి అచ్యుతాపురం, పెందుర్తి వైపు లోడ్లు వేస్తుంటాను.

సమస్య ఏమిటంటే స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్‌ని ఊరికే తిరగనిస్తే, మొత్తం కుదుపు. స్టీరింగ్ వణుకుతుంది, అద్దాలు వణుకుతాయి, గేర్ రాడ్ చేతిలో నిలవదు. యాక్సిలరేటర్ కొంచెం తొక్కి 1200 ఆర్‌పీఎం (నిమిషానికి 1200 చుట్లు) దాటించానా, ఏమీ లేనట్టే సాఫీగా తిరుగుతుంది. లోడు మీద పికప్‌లో పెద్ద తేడా తెలియడం లేదు. పొద్దున్న స్టార్టింగ్ కష్టంగా ఉంటోంది, సెల్ఫ్ చాలాసేపు కొట్టాలి, స్టార్ట్ అయ్యాక కాసేపు తెల్ల పొగ, పచ్చి డీజిల్ వాసన, కళ్లు మండుతాయి. వేడెక్కాక పొగ పోతుంది గానీ కుదుపు మాత్రం ఉంటుంది. ట్యాంకు సగం కంటే తగ్గినప్పుడు ఇంకా ఎక్కువ అనిపిస్తోంది, అది నిజమో నా భ్రమో తెలియదు. రేడియేటర్‌లో నీళ్లు తగ్గడం లేదు, ఇంజన్ ఆయిల్ కూడా తాగడం లేదు.

డీజిల్ ఫిల్టర్లు రెండూ మార్చాం. ఆటోనగర్‌లో చూపిస్తే మేస్త్రి స్లో స్క్రూ కొంచెం పెంచి పంపారు, రెండు రోజులు బాగున్నట్టే ఉంది, మళ్లీ మామూలే. ఇప్పుడు పంపు దించి కాలిబ్రేషన్ చేయించాలి, అప్పటికీ తగ్గకపోతే ఇంజన్ విప్పాలి అంటున్నారు. బండి ఆగిపోతే ఇల్లు ఆగిపోతుంది, అందుకే టెన్షన్‌గా ఉంది. పంపు దించే ముందు నేను చూసుకోగలిగినవి ఏమైనా ఉంటే దయచేసి చెప్పండి. చిన్న చిన్న పనులు చేసుకోవడం వచ్చు.

పాత_పంపు_మేస్త్రి (కంచరపాలెం)

బాబూ, పంపు ముట్టుకోవద్దు, ఇప్పుడే వద్దు. నేను పంపులు విప్పి బిగించే పనిలోనే జీవితం గడిపాను, ఆ అనుభవంతోనే చెబుతున్నాను. వర్క్‌షాప్‌కి వచ్చే పంపుల్లో చాలావాటికి అసలు రోగం ఉండదు, రోగం పంపు ముందో పంపు తర్వాతో ఉంటుంది. పంపు దించితే మళ్లీ టైమింగ్, అంటే ఏ క్షణంలో డీజిల్ కొట్టాలో ఆ లెక్క, పెట్టాలి, అది కొంచెం అటూ ఇటూ అయితే ఇప్పుడు లేని కొత్త సమస్య వస్తుంది.

నువ్వు రాసినదాంట్లో నాకు రెండు వేరు వేరు జబ్బులు కనబడుతున్నాయి. పొద్దున్న స్టార్టింగ్ కష్టం, ట్యాంకు తగ్గితే ఎక్కువ కావడం, ఇది ఒకటి, ఇది లైనులోకి గాలి దూరుతోందని చెబుతోంది. వేడెక్కాక కూడా కుదుపు పోకపోవడం ఇంకొకటి, ఇది ఏదో ఒక సిలిండర్ సరిగ్గా కొట్టడం లేదని చెబుతోంది. రెండూ ఒకేసారి ఉంటే ఎంత మంచి మేస్త్రికైనా అయోమయమే, ఒకటి బాగుచేసినా కుదుపు పూర్తిగా పోదు కాబట్టి అది కారణం కాదనుకుని వదిలేస్తారు. అందుకని ముందు గాలి సంగతి తేల్చు, ఆ తర్వాతే సిలిండర్ల జోలికి వెళ్లు.

ఒక లెక్క చెబుతాను, గుర్తుపెట్టుకో. 697 అంటే ఆరు సిలిండర్లు, బోరు 97 మిల్లీమీటర్లు. స్లో 600 ఆర్‌పీఎం అనుకుందాం. నాలుగు స్ట్రోకుల ఇంజన్ కాబట్టి రెండు చుట్లకి ఒకసారి ఒక్కో సిలిండర్ కొడుతుంది, అంటే ఒక్కో సిలిండర్ నిమిషానికి 300 సార్లు, సెకనుకి ఐదు సార్లు. ఆరూ కొడితే సెకనుకి 30 దెబ్బలు, అది చేతికి కుదుపులా తెలియదు. వాటిలో ఒకటి పడుకుంటే సెకనుకి ఐదు ఖాళీలు వస్తాయి, అదే నీ గేర్ రాడ్ ఆడే ఆట. 1800కి తీసుకెళ్తే ఆ ఖాళీలు సెకనుకి 15 అవుతాయి, ఫ్లైవీల్ బరువు వాటిని మింగేస్తుంది, అందుకే పైన సాఫీగా ఉన్నట్టు అనిపిస్తుంది. సాఫీగా ఉన్నంత మాత్రాన ఆ సిలిండర్ బాగుపడిందని కాదు. ఇంకో సంగతి, స్లోలో ఒక్కో దెబ్బకి పోయే డీజిల్ చాలా కొంచెం, అందులో చిన్న గాలి బుడగ దూరినా, సిలిండర్‌లోకి డీజిల్ జల్లే నాజిల్ కొంచెం కారినా ఆ దెబ్బ చెడిపోతుంది. లోడు మీద డీజిల్ ఎన్నో రెట్లు ఎక్కువ పోతుంది కాబట్టి అదే లోపం పైకి తెలియదు.

ఇప్పుడు గాలి. ట్యాంకు నుంచి డీజిల్ లాగి పెద్ద పంపుకి పంపే చిన్న పంపు ఫీడ్ పంపు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న లైను పీల్చే లైను. ఫీడ్ పంపు దాటాక తోసే లైను. తోసే వైపు లీకు ఉంటే డీజిల్ బయటికి కారి తడి కనబడుతుంది. పీల్చే వైపు లీకు ఉంటే ఇంజన్ నడుస్తున్నంతసేపూ ఏమీ కారదు, గాలి లోపలికి పోతుంది, చిల్లు పడ్డ స్ట్రాతో కొబ్బరి నీళ్లు తాగినట్టు. అందుకే 'ఎక్కడా లీకు లేదండి' అని అందరూ ప్రమాణం చేస్తారు. రాత్రి బండి ఆపాక డీజిల్ ఆ సందు గుండా గాలి పీల్చుకుని వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది, పొద్దున్నకి లైను ఖాళీ, నువ్వు సెల్ఫ్ కొడుతూ కూర్చుంటావు. ట్యాంకులో డీజిల్ తగ్గేకొద్దీ ఎక్కువ ఎత్తుకి పీల్చాలి, అందుకే సగం కిందకి వచ్చాక ఎక్కువవుతుంది. నీది భ్రమ కాదు. బండి ముక్కు పైకి ఉండేలా ఎత్తు మీద పార్క్ చేస్తున్నావా? అలా అయితే ఇంకా త్వరగా జారిపోతుంది.

చేయాల్సిన పరీక్ష తేలిక. ఐదు లీటర్ల శుభ్రమైన డబ్బాలో మంచి డీజిల్ పోసి, ఫీడ్ పంపు కంటే ఎత్తులో గట్టిగా కట్టు. ఫీడ్ పంపుకి వచ్చే లైను విప్పి దాని బదులు కొత్త పారదర్శకమైన గొట్టం వేసి ఆ డబ్బాలోకి పెట్టు, క్లిప్పులు బిగించు. ఫిల్టర్ మీద ఉన్న ఎయిర్ స్క్రూ వదులు చేసి, హ్యాండ్ ప్రైమర్ (ఫీడ్ పంపు మీద చేత్తో కొట్టే నాబ్) కొట్టు, బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా. స్క్రూ బిగించి, పంపు మీద ఉన్న స్క్రూ దగ్గర కూడా అదే చెయ్యి. ప్రైమర్ నాబ్ కిందకి నొక్కి తిప్పి బిగించడం మర్చిపోకు, అది వదులుగా ఉంటే అక్కడి నుంచే గాలి పీల్చుతుంది. రాత్రంతా అలాగే వదిలేసి పొద్దున్న స్టార్ట్ చెయ్యి. ఒక్క దెబ్బకి అందుకుంటే లోపం ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్య ఉంది. అప్పుడు కూడా గొట్టంలో గాలి చేరినా, స్టార్టింగ్ కష్టమైనా ఫీడ్ పంపు వాల్వులు, ప్రైమర్ చూడాలి. ఫీడ్ పంపు దగ్గర చిన్న జాలీ ఫిల్టర్ ఉంటుంది, చాలామందికి అదొకటి ఉందనే గుర్తుండదు, అది కూడా తీసి కడుగు.

ఇది చేసి ఏమైందో రాయి. సిలిండర్ సంగతి ఆ తర్వాత చెబుతాను.

అనకాపల్లి_లోడ్

మేస్త్రి గారు చెప్పినవి కరెక్టే గానీ ఇంజన్ ఫౌండేషన్ రబ్బర్లు కూడా ఒకసారి చూడండి. పాత బండ్లలో రబ్బరు చితికి ఇనుము ఇనుము తగులుతుంటుంది, ఇంజన్ బాగానే తిరుగుతున్నా క్యాబిన్ ఊగిపోతుంది. తెలుసుకోవడం ఎలాగంటే బయట నిలబడి ఇంజన్‌నే చూడండి. సైలెన్సర్ మూతి ఎదురుగా కొంచెం దూరంలో అరచేయి పెట్టి దెబ్బలు గమనించండి, దెబ్బలు సమానంగా ఉండి క్యాబిన్ మాత్రమే వణికితే రబ్బర్లు, దెబ్బ తప్పుతుంటే మిస్సింగ్.

పోర్టులో తిరిగే బండి అంటున్నారు కదా, బొగ్గు దుమ్ము ఎయిర్ ఫిల్టర్‌ని ఎంత త్వరగా మూసేస్తుందో మనకి తెలిసిందే. అది కుదుపుకి కారణం అయ్యే అవకాశం తక్కువ, నల్ల పొగకి కారణం అవుతుంది, కానీ విప్పినప్పుడు చూసేయండి.

స్లో స్క్రూ పెంచడం మాత్రం వైద్యం కాదు. కుదుపు దాక్కుంటుంది, డీజిల్ ఖర్చవుతుంది.

హార్బర్_డీజిల్

అన్నా, నేను ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజన్ల పని చేస్తాను. లారీ కాకపోయినా రోగాలు ఒకటే. మన సముద్రం గాలికి ఒక మాట కలుపుతాను, నీళ్లు. ట్యాంకు సగం ఖాళీగా రాత్రంతా ఉంటే లోపలి గాలిలో తేమ గోడల మీద చెమ్మగా చేరి డీజిల్‌లోకి దిగుతుంది, వానాకాలంలో మరీను. నీళ్లు అడుగున ఉంటాయి, నాజిల్ దాకా వెళ్తే సూది తుప్పు పట్టి నిలిచిపోతుంది. పొద్దున్న బండి కదల్చక ముందే ఫిల్టర్ కింద డ్రెయిన్ ప్లగ్ వదులు చేసి ఒక గాజు సీసాలోకి కొంచెం పట్టు, కాసేపు కదపకుండా ఉంచు. కింద గీతలా వేరుపడి ఉంటే నీళ్లే. అప్పుడు ట్యాంకు అడుగు ప్లగ్ కూడా తీసి కడగాలి, లేకపోతే కొత్త నాజిళ్లు వేసినా మళ్లీ అవే కష్టాలు.

ఇంకొకటి, ఇది బతిమాలి చెబుతున్నాను. తర్వాత మేస్త్రి గారు నాజిల్ పైపు నట్లు వదులు చేయమంటారు, ఆ పరీక్ష అందరం చేస్తాం. చేసేటప్పుడు వేలు ఆ నట్టు ముందు పెట్టొద్దు, లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూడొద్దు. ఆ ప్రెషర్‌లో వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్తుంది. బయటికి సూది గుచ్చినంత గాయమే కనబడుతుంది, మొదట నొప్పి కూడా పెద్దగా ఉండదు, లోపల కండ కుళ్లి వేలు తీసేయాల్సిన పరిస్థితి వస్తుంది. అలా ఎప్పుడైనా జరిగితే పట్టీ వేసుకుని పడుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి డీజిల్ లోపలికి కొట్టింది అని స్పష్టంగా చెప్పాలి. కళ్లకి అద్దాలు, చేతికి మందపాటి గ్లౌజులు, నట్టు మీద మడతపెట్టిన గుడ్డ తప్పనిసరి. గ్లౌజులున్నాయని ధీమా వద్దు, నేరుగా తగిలే ధారని అవి ఆపవు.

గాజువాక_ఆరుటైర్లు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్. మేస్త్రి గారూ, మీరు అడిగింది నిజమే, మా వీధి ఎత్తులో ఉంది, బండి ముక్కు పైకే ఉంటుంది.

డబ్బా పరీక్ష చేశాను. పొద్దున్న సెల్ఫ్ తగలగానే స్టార్ట్ అయింది, తెల్ల పొగ కూడా చాలా తగ్గింది. లైను మొత్తం వెతికితే ట్యాంకు ఇనుప పైపుకీ ఛాసిస్ పైపుకీ మధ్య ఒక జానెడు రబ్బరు గొట్టం ఉంది, క్లిప్పు కింద అది ఎండి రాయిలా అయిపోయి చీలింది. పైకి చూస్తే పొడిగా శుభ్రంగా ఉంది, క్లిప్పు తీస్తే గానీ కనబడలేదు. డీజిల్‌కి పనికొచ్చే కొత్త గొట్టం, కొత్త క్లిప్పులు వేశాను, పైపు చివర్లని బిగించే బాంజో బోల్టుల కాపర్ వాషర్లు కూడా మార్చాను. సీసాలో నీళ్లు కొంచెం దిగాయి, ట్యాంకు కడిగించాను. ఫౌండేషన్ రబ్బర్లు బాగానే ఉన్నాయి.

కానీ కుదుపు కొంత తగ్గిందే గానీ పోలేదు. ఇప్పుడు అది ఒకే తాళంలో వస్తోంది, మేస్త్రి గారు చెప్పిన సెకనుకి ఐదు లెక్కలాగే అనిపిస్తోంది.

పాత_పంపు_మేస్త్రి (కంచరపాలెం)

చాలా మంచి పని చేశావు బాబూ. ఇంతకుముందు కుదుపు ఒకలా ఉండేది కాదు, ఇప్పుడు తాళం పట్టింది అంటే గాలి బాధ పోయింది, ఒక్క సిలిండర్ మిగిలింది. ఇప్పుడు దాన్ని పట్టుకోవడం కష్టం కాదు.

మొదట పైపులు ముట్టుకోకుండా ఒక పరీక్ష. పొద్దున్న ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి స్లోలో వదిలెయ్యి. సిలిండర్ల నుంచి పొగ బయటికి తీసుకెళ్లే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఆరు కాళ్ల మీద, హెడ్‌కి దగ్గరగా, తుపాకీలా ఉండే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి వేడి చూడు. అది లేకపోతే ఒక్కో కాలు మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి ఏది త్వరగా ఆరుతుందో చూడు. కొట్టే సిలిండర్ కాలు త్వరగా వేడెక్కుతుంది, పడుకున్నది వెనకబడుతుంది. మొదటి రెండు మూడు నిమిషాల్లోనే చూడాలి, తర్వాత ఇనుమంతా వేడెక్కి తేడా చెరిగిపోతుంది.

తర్వాత పైపుల పరీక్ష, హార్బర్ తమ్ముడు చెప్పిన జాగ్రత్తలన్నీ పాటిస్తూ. ఇంజన్ స్లోలో ఉండగా నాజిల్ దగ్గరి నట్టు ఒక్కటే పావు చుట్టు వదులు చెయ్యి. డీజిల్ అక్కడ కారిపోయి ఆ సిలిండర్ ఆగుతుంది. మంచి సిలిండర్ అయితే ఇంజన్ ఇంకా కుంటుతుంది, చప్పుడు మారుతుంది. ఏ నట్టు వదులు చేస్తే ఏ తేడా రాదో అదే నీ దొంగ. వెంటనే బిగించి తర్వాతదానికి వెళ్లు. కారిన డీజిల్ వేడి మానిఫోల్డ్ మీద పడకుండా చూసుకో, పక్కన నిప్పు, బీడీ ఏదీ ఉండకూడదు.

దొంగ దొరికాక నాజిల్ కొనేయకు. ఇంజన్ ఆపి ఆ నాజిల్‌ని ఇంకో మంచి సిలిండర్ నాజిల్‌తో మార్చు, కింద కాపర్ వాషర్లు కొత్తవి వెయ్యి. రోగం నాజిల్‌తో పాటు కొత్త చోటికి వెళ్తే నాజిల్‌దే తప్పు. పాత చోటే ఉండిపోతే అప్పుడు ట్యాపెట్ గ్యాప్ (వాల్వ్‌కీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య ఖాళీ), ఆ తర్వాత కంప్రెషన్, అవి కూడా సరిగ్గా ఉంటేనే ఆ లైను తాలూకు డెలివరీ వాల్వ్, ఎలిమెంటు, అంటే పంపు. పంపు వరుసలో ఎక్కడుందో చూశావా? అన్నిటికంటే చివర.

గాజువాక_ఆరుటైర్లు

దొరికింది! థర్మామీటర్‌లో నాలుగో కాలు మిగతా వాటి కంటే బాగా వెనకబడింది. పైపు నట్లు వదులు చేస్తే ఐదింటికి ఇంజన్ కుంటింది, నాలుగోదానికి దాదాపు తేడా లేదు. నాలుగో నాజిల్ రెండోదానితో మార్చాను, ఈసారి రెండోది పడుకుంది, నాలుగు లేచింది.

ఆరు నాజిళ్లూ తీసి టెస్టర్ మీద పెట్టించాను, నా కళ్లతో చూశాను. మంచి నాజిల్ అయితే చుట్టూ సన్నగా మంచులా జల్లుతుంది, ఆపగానే మొన పొడిగా ఉంటుంది. ఆ నాజిల్ జల్లడం లేదు, ధారలా కారుతోంది, ప్రెషర్ పూర్తిగా రాకముందే మొన దగ్గర చుక్క వేలాడుతోంది. ఇంకోదానికి ప్రెషర్ తగ్గింది. పాడైనదానికి కొత్త నాజిల్ వేసి, ఆరింటికీ ఒకే ప్రెషర్ సెట్ చేయించాను. పంపు ఎక్కడిది అక్కడే ఉంది, సీలు కూడా విప్పలేదు. పంపు పనికి అడిగిన డబ్బుతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. స్లో స్క్రూ కూడా పాత చోటికి దించేశాను, గేర్ రాడ్ నిలకడగా ఉంది. నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని షీలానగర్ దాకా ఒక రౌండు తిప్పాను, ఆయన ఇంజన్ చప్పుడు విని సంతోషించారు.

మేస్త్రి గారూ, ట్యాపెట్లు కూడా ఇప్పుడే చూడమంటారా?

పాత_పంపు_మేస్త్రి (కంచరపాలెం)

చూడు, ఎలాగూ చాలాకాలంగా చూసి ఉండరు. పాత ఇంజన్లలో వాల్వ్ సీటులోకి దిగేకొద్దీ గ్యాప్ తగ్గుతూ వస్తుంది, తగ్గినప్పుడు చప్పుడు రాదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, పైగా ఇంజన్ నిశ్శబ్దంగా ఉందని మురిసిపోతారు. గ్యాప్ పూర్తిగా పోతే వాల్వ్ సరిగ్గా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది, వాల్వ్ కాలిపోతుంది. ఇన్‌లెట్‌కి ఒక కొలత, ఎగ్జాస్ట్‌కి ఒక కొలత ఉంటుంది, నీ ఇంజన్ మాన్యువల్‌లో ఉన్నదే పెట్టించు, చేతి అంచనాతో వద్దు. ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4. ఒకటోది కంప్రెషన్ టాప్‌లో ఉన్నప్పుడు ఆరోదాని రెండు వాల్వులూ కలిసి ఆడుతుంటాయి, ఆ గుర్తుతో ఒకటోదాని ట్యాపెట్లు పెట్టి, అక్కడి నుంచి వరుసగా పోవాలి.

పెందుర్తి_పాతబండి

ఈ చర్చ చదివి అడుగుతున్నానండీ. నాది ఇంకా పాత టాటా, టర్బో లేదు. నాది కుదుపు కాదు, స్లోలో దానంతట అదే పైకి లేస్తుంది, కిందకి దిగుతుంది, మళ్లీ లేస్తుంది. ఇది కూడా నాజిలేనా?

పాత_పంపు_మేస్త్రి (కంచరపాలెం)

కాదండీ, ఒక సిలిండర్ తప్పితే తాళం ప్రకారం కుదుపు వస్తుంది, స్పీడు మొత్తం ఊగుతుంటే ఇంజన్ స్పీడుని అదుపులో ఉంచే గవర్నర్‌నో గాలినో అనుమానించాలి. ముందు పైన చెప్పిన డబ్బా పరీక్ష మీరు కూడా చేయండి.

తర్వాత మీ పంపు వెనక చూడండి. అక్కడి నుంచి ఇంజన్ గాలి పీల్చే గొట్టం దగ్గరికి ఒక సన్నని వ్యాక్యూమ్ పైపు వెళ్తుంటే అది డయాఫ్రం గవర్నర్. ఆ పైపు పగిలినా, లోపలి డయాఫ్రం చిరిగినా స్లో ఇలాగే ఊగుతుంది. ఇంజన్ ఆపి, పంపు దగ్గర ఆ పైపు తీసేసి, స్టాప్ లివర్‌ని స్టాప్ వైపు నొక్కి పట్టుకుని, పైపు పెట్టే రంధ్రాన్ని వేలితో గట్టిగా మూసి, లివర్ వదలండి. కొంచెం కదిలి ఆగిపోతే డయాఫ్రం బాగుంది, మొత్తం వెనక్కి వచ్చేస్తే చిరిగింది. దాన్ని మార్చడానికి కూడా పంపు మొత్తం దించక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త, ఆ పైపు తీసి ఉండగా ఇంజన్ మాత్రం స్టార్ట్ చేయకండి. వ్యాక్యూమ్ అందకపోతే ఆ గవర్నర్ డీజిల్‌ని ఫుల్‌లోకి తోసేస్తుంది, ఇంజన్ చేయి దాటిపోతుంది.